గావ్రా నమ్మని బేరింగు

మిలెంకో నలభై ఏళ్ళు బేరింగులు అమ్మాడు. కాలికి బలపం కట్టుకుని సెర్బియాలో బాచ్కా నేలంతా తిరిగాడు. ఒక్క పిండిమర వదల్లేదు, ఒక్క ఇటుకబట్టీ వదల్లేదు. కానీ తను అమ్మినవాటిల్లో ఒక్కటంటే ఒక్కటి తిరుగుతుండగా కళ్ళారా చూళ్ళేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. సేల్సోడి జాగా గేటు పక్క గది. అక్కడ స్టోరుకీపరు కాఫీ ఇస్తుంది, చిన్న గ్లాసుతో రాకియా, అదే పళ్ళసారా, పోస్తుంది, కాయితం మీద నంబరు రాస్తుంది. ఆయన పెట్టె దింపి వెళ్ళిపోతాడు. లోపల ఏం తిరుగుతుందో, ఎలా తిరుగుతుందో ఆయనకేం పని?

బేరింగంటే మరేం లేదు, కడియంలో కడియం. మధ్యలో ఉక్కు గుండ్లు. తిరిగే ఇరుసుకీ తిరగని దిమ్మకీ మధ్యలో కూర్చుంటుంది. అది లేకపోతే మర ఆడదు, రొట్టెలోడి పిండి కలవదు, ఆస్పత్రిలో దుప్పట్లుతికే మిషను కదలదు. మనం తినేది, కట్టేది, పడుకునేది అన్నీ దాని మీదనుంచి దొర్లుకుంటా వచ్చినవే. ఎవరికైనా గుర్తుంటుందా? ఉండదు. అది పాడయిన రోజున మాత్రం మిలెంకో గుర్తొచ్చేవాడు.

ఆయన తలకాయ గురించి చెప్పాలి. ఒకసారి చర్చిలో ఎవరిదో పిల్లకి జ్ఞానస్నానం. పూజారి నీళ్ళు పోస్తున్నాడు. వెనక నుంచి మర ఓనరొకాయన వంగి మిలెంకో చెవిలో గొణిగాడు.

"జల్లెడ కింద చిన్న ఇరుసుది పోయింది. దాని మీద నంబరు అరిగిపోయింది."

"రంధ్రంలో ఏ వేలు పడుతుంది?"

"బొటనవేలు. కాస్త బిగువుగా."

"అయితే ఆరువేల రెండొందల నాలుగు. ఇంక పూజారిగారిని చూడు, మనల్నే చూస్తున్నాడు."

తీసుకెళ్ళి పెడితే అచ్చం అదే. అట్లాంటి నంబర్లు తొమ్మిదివేలు ఆయన బుర్రలో ఉండేవి. "తొమ్మిదివేలు పెట్టుకున్నాడు, మా అమ్మ ఫోను నంబరుకి మాత్రం జాగా లేదంట," అనేది ఆయన పెళ్ళాం పెర్సిదా. ఆయన చదివింది పాలిటెక్నిక్ కూడా కాదు. క్యాటలాగులు పక్కలో పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మనిషి తలలో అన్ని చక్రాలు ఎలా పట్టాయో.

ఇంకోటుంది. ఈ వ్యాపారం క్యాటలాగుతో నడిచేది కాదు, పొట్టతో నడిచేది. మా సెర్బు ఇళ్ళల్లో ఏటా ఒక రోజున ఇంటి దేవుడి పండగ, స్లావా. స్లావాకి పిలుపులుండవు. ఒకసారి వచ్చినవాడు ప్రతి ఏడూ రావాలి. రాలేదంటే ఆ ఇంటితో తెగిపోయినట్టే. వచ్చినవాణ్ణి మాత్రం, వాడెవడైనా సరే, పొమ్మనే హక్కు ఇంటాయనకి లేదు. దేవుడి ముందు పెట్టిన కొవ్వొత్తి వెలిగినంతసేపూ గుమ్మం తెరిచే ఉండాలి. మరి సెయింట్ నికోలా రోజు వచ్చిందనుకోండి, సగం ఊరికి అదే స్లావా. అది ఉపవాసాల కాలం, మాంసం ఉండదు. ఎక్కడ చూసినా చేప. మిలెంకో ఆ ఒక్కరోజున పదకొండు ఇళ్ళకి వెళ్ళేవాడు. పదకొండు ఇళ్ళల్లో చేపపులుసు, పదకొండు ఇళ్ళల్లో వేయించిన చేప. ఎక్కడా కంచం నెట్టకూడదు. ఇంటికొచ్చి మంచం మీద వెల్లకిలా పడి, "పెర్సిదా, నాకు మొప్పలొస్తున్నాయేమో చూడు," అనేవాడు.

ఆ ఇళ్ళల్లో అన్నిటికంటే ముందు తొక్కేది లిపోవాట్స్‌లో గావ్రిలో అనే ఆయన ఇల్లు. గావ్రా అంటారు. అక్కడి పంచదార ఫ్యాక్టరీకి పెద్దమేస్త్రి. చేతులు చాటలంత, నోరు కత్తెరంత. పట్టిన కుందేలుకి మూడేకాళ్ళు అనే రకం. ఇద్దరూ పద్నాలుగేళ్ళు ప్రాణస్నేహితులు. "రారా, ఒకసారి లోపలికొచ్చి చూడు, నీ సరుకు ఏం చేస్తుందో," అని గావ్రా ఎన్నిసార్లు పిలిచాడో. మిలెంకో తన నల్లబూట్లు చూసుకుని, "తర్వాత," అనేవాడు. "కాలు చూడకుండా చెప్పులు కుట్టేవాడివిరా నువ్వు," అని గావ్రా ఎగతాళి చేసేవాడు.

తొంభై మూడు వచ్చింది. యుద్ధం మూలాన మా దేశం మీద ఆంక్షల రోజులు. సరుక్కి సరిహద్దులు మూసేశారు, బయటినుంచి మేకు కూడా రాదు. అక్టోబరులో బీటుదుంపల సీజను మొదలైంది. పంచదార ఫ్యాక్టరీ సీజనంటే మూడునెలలు, ఆదివారం లేదు, పగలూ రాత్రీ లేదు, ఆగకుండా ఆడాలి. ఆగిందా, పొలంలో పీకిన దుంప కుప్పల్లోనే కుళ్ళుతుంది. సీజను మొదలైన పదకొండో రోజున పెద్దడ్రమ్ము ఆగింది. దుంపముక్కల్ని వేడినీళ్ళలో తిప్పి తీపి పిండే డ్రమ్ము అది. ఎనిమిది బేరింగుల మీద తిరుగుతుంది. అందులో ఒకటి పగిలింది. ఫ్యాక్టరీ గేటు నుంచి కాలవ వంతెన దాకా దుంపల ట్రాక్టర్లు నిలబడిపోయాయి. రైతులు ట్రాక్టర్ల మీదే పడుకుంటున్నారు.

గావ్రా ఫోను చేశాడు. "మిలెంకో, ఇది నీవల్ల కాకపోతే ఎవడివల్లా కాదు."

ఆ మాట చాలు ఆయనకి. కారేసుకుని సరిహద్దు దాటి హంగరీ వెళ్ళాడు. మూడురోజులు గొడౌన్లన్నీ తొక్కాడు. చివరికి ఒకడి దగ్గర దొరికింది. అట్టపెట్టెలో, నూనెకాయితంలో చుట్టి, మీద నంబరు, ముద్ర, అన్నీ ఉన్నాయి. అరవై కిలోలు. మధ్యలో రంధ్రంలో మనిషి తల పడుతుంది. సరిహద్దులో పట్టుకుంటే బేరింగూ పోతుంది, తనూ పోతాడు. అందుకని డిక్కీలో స్టెప్నీ చక్రం తీసి అక్కడే పారేసి, ఆ గుంటలో దీన్ని కూర్చోబెట్టి, మీద చాప పరిచాడు. చాప మీద మిరపకాయల బస్తా. సరిహద్దులో పోలీసు మిరపకాయ కొరికి చూసి పొమ్మన్నాడు.

అక్కడిదాకా బాగానే ఉంది. ఇటు ఇరవై కిలోమీటర్లొచ్చాక టైరు పంచరైంది. స్టెప్నీ లేదు. స్టెప్నీ ఉండాల్సిన చోట ఫ్యాక్టరీ ప్రాణం ఉంది. మనిషి రోడ్డుమీద కూర్చుని నవ్వాడంట, ఏడుపు రాక. ఆ దోవన పోతున్న ట్రాక్టరుకి తాడు కట్టించుకుని లిపోవాట్స్ చేరాడు. ట్రాక్టర్ల వరసలో జనం టోపీలు తీసి నిలబడ్డారు. కారుని లాక్కొస్తున్న ట్రాక్టరుకి దారిచ్చారు. నాకు తెలిసి ఆ ఊళ్ళో బిషప్పుకి కూడా అంత మర్యాద జరగలేదు.

బేరింగు గేటు దగ్గరే దింపించుకున్నారు. డ్రమ్ము తిరిగింది. రెండునెలలు గడిచాయి. సెయింట్ నికోలా రోజొచ్చింది.

గావ్రా ఇంట్లో బల్ల చుట్టూ ఇరవైమంది. మిలెంకో పేరు చెప్పి గ్లాసులెత్తుతున్నారు. గావ్రా మాత్రం ఎత్తలేదు. చేపముల్లు తీసుకుంటా తాపీగా అన్నాడు.

"అది కొత్తది కాదురా."

"ఏది?"

"నువ్వు తెచ్చింది. చచ్చినదాన్ని సానపట్టి, మీద కొత్త నంబరు కొట్టి నీకు అంటగట్టారు. తిరిగే చప్పుడు వింటే తెలుస్తుంది."

మిలెంకోకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళల్లో ఆయన సరుకు మీద ఒక్కడు వేలెత్తి చూపలేదు. "కొత్తదే."

"కాదు."

"ఇదిగో, నీ ఇంటి కొవ్వొత్తి మీద ఒట్టేసి చెబుతున్నా. నా చేతిమీదుగా దొంగసరుకు పోలేదు. పోదు."

"కొవ్వొత్తిని మధ్యకి లాగకు. అదేం పాపం చేసింది?"

మిలెంకో లేచాడు. కంచంలో చేప సగం అలానే ఉంది. గావ్రా పెళ్ళాం దరింకా గుమ్మం దాకా వచ్చి, "అన్నయ్యా, ఎంగిలిచేత్తో లేవకూడదు," అని చేయి పట్టుకుంది. విదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఇద్దరిదీ తప్పే. స్లావా బల్ల దగ్గర అతిథిని ఒక మాట అనకూడదు, ఇంటాయన అన్నాడు. కొవ్వొత్తి వెలుగుతుండగా కోపంతో గడప దాటకూడదు, అతిథి దాటాడు. ఇంకెక్కడైనా అయితే రెండు తిట్లు, రెండు గ్లాసులు, మూడోరోజుకి సర్దుకునేది. అక్కడ జరిగింది కాబట్టి ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఇరవై ఆరేళ్ళూ మిలెంకో లిపోవాట్స్ వెళ్ళాడు. గేటు గదిలో కాఫీ తాగాడు, పెట్టెలు దింపాడు. గావ్రా గేటు దగ్గరికి రాలేదు. నికోలా రోజున ఆ వీధిలోనే మూడిళ్ళల్లో చేప తిన్నాడు. గావ్రా ఇంటి ముందునుంచి పోయేటప్పుడు కారద్దం పైకెత్తుకునేవాడు. చలికాలమే కదా, ఎటూ ఎత్తే ఉంటుంది. అయినా ఎత్తేవాడు.

రెండువేల పంతొమ్మిదో సంవత్సరం జూన్‌లో రిటైరయ్యాడు. ఆయన పనిచేసిన నోవీసాద్ గొడౌనువాళ్ళు భోజనం పెట్టారు. లేచి నిలబడి ఒకే ఒక్క ముక్క చెప్పాడు. "నలభై ఏళ్ళల్లో నా చేతిమీదుగా దొంగసరుకు ఒక్కటి పోలేదు. అంతే. కూర్చోండి, చారు చల్లారిపోతుంది." అందరూ చప్పట్లు కొట్టారు. పెర్సిదా మాత్రం మొగుడి మొహమే చూస్తా ఉంది. ఆ మాట ఆయన ఎవరికి చెబుతున్నాడో ఆమెకి తెలుసు.

జూలైలో ఫోనొచ్చింది. లిపోవాట్స్ స్టోరుకీపరు రూజా. "బాబాయ్, పెద్దడ్రమ్ము దిమ్మలు మారుస్తున్నారు. తొంభై మూడులో నువ్వు తెచ్చినది తీస్తున్నాం రేపు. చూస్తావా?"

"అది ఇంకా ఉందా?" అన్నాడు మిలెంకో. ఫోను చెవికి ఆనించుకునే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అట్లాంటిది పదేళ్ళు తిరిగితే గొప్ప. నీళ్ళు, ఆవిరి, బురద మధ్యన పదేళ్ళు తిరిగితే దణ్ణం పెట్టాలి.

"ఉందేంటి బాబాయ్. మొన్న సీజను దాకా తిరిగింది."

మర్నాడు వెళ్ళాడు. మొట్టమొదటిసారి గేటు గది దాటి లోపలికి నడిచాడు. రూజా తలకి ఇనపటోపీ పెట్టింది. నల్లబూట్ల సంగతి ఆయనకి గుర్తే రాలేదు.

లోపల చూసింది ఆయన పెర్సిదాకి చెప్పబోయి మూడుసార్లు ఆగిపోయాడంట. ఊరి చర్చికి గంటల గోపురం ఉంటుందా, దాన్ని నేలమీద పడుకోబెడితే ఎంతుంటుందో అంత డ్రమ్ము. లోపలనుంచి గడ్డిబండి తోలుకుపోవచ్చు. అంత ఇనుమూ ఎనిమిది కడియాల మీద కూర్చుని ఉంది. దిమ్మలు విప్పేముందు డ్రమ్ముని సరైన చోటికి తేవాలని మోటారు వేశారు. కదిలింది. చప్పుడు లేదు. ఒక పెద్ద ఆవు పక్కకి ఒత్తిగిలినట్టు, అంత నింపాదిగా తిరిగింది. నేల సన్నగా అదిరింది. మిలెంకో ఇనపటోపీ తీసేశాడు. రూజా, "టోపీ తియ్యకూడదు బాబాయ్, రూలు," అంది. ఆయనకి వినపడలేదు. నలభై ఏళ్ళు నంబర్లు మోశాడు. నంబరు వెనకాల ఇంత ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పారు పాపం, గావ్రా చెప్పాడు, ఈయనే వెళ్ళలేదు.

అప్పుడు కనపడింది. ఎనిమిది దిమ్మల్లో ఒకదాని మీద ఎర్రరంగుతో పెద్ద అక్షరాలు. "దీన్ని నమ్మకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి." కింద బాణం గుర్తు, గ్రీజు ఎక్కించే చోటికి.

మిలెంకో మొహం కందగడ్డయింది. "ఎవరు రాశారిది?"

"గావ్రా మామ. నేను ఉద్యోగంలో చేరకముందే. ఏటా వెలిసిపోతుంది, ఏటా మళ్ళీ రాస్తాం. ఆయన రిటైరయి ఏడేళ్ళయినా ఎవరూ మానలేదు. కొత్త షిఫ్టువాడొస్తే ముందు ఇక్కడికే తెచ్చి చూపిస్తాం. 'ఇది దొంగది, ఏ క్షణాన పోతుందో తెలీదు, పసిబిడ్డని చూసినట్టు చూడు' అని."

"ఇరవై ఆరేళ్ళు ఊరందరి ముందూ నన్ను దొంగని చేసి కూర్చోబెట్టాడన్నమాట."

"నీ పేరేం లేదు కదా బాబాయ్."

ఆయన పక్క దిమ్మలవైపు చేయి చూపించాడు. "మిగతా ఏడూ?"

"అవి మంచివి. వాటికి వారానికోసారి గ్రీజు, పుస్తకంలో రాసినట్టు."

"మంచివి సరే, ఏమయ్యాయి?"

"ఆరు రెండేసి సార్లు పోయాయి. ఒకటి మూడుసార్లు పోయింది. అన్నీ నువ్వేగా తెచ్చిచ్చింది."

మిలెంకో మనసులో లెక్కేసుకున్నాడు. పదిహేను. పదిహేనింటి నంబర్లూ, తెచ్చిన నెలలూ కూడా గుర్తున్నాయి. ఒక్కటి కూడా సానపట్టింది కాదు, తిన్నగా కంపెనీ నుంచి వచ్చినవే. నమ్మినవి పదిహేను చచ్చాయి. నమ్మనిది ఒక్కటి తిరుగుతానే ఉంది.

ఇద్దరు మేస్త్రీలు దిమ్మ మూత తీసి, బేరింగుని లాగి, బల్ల మీద పెట్టారు. చుట్టూ గ్రీజు వెన్నముద్దలా తెల్లగా, మెత్తగా ఉంది. ఒక్క నీటిచుక్క లోపలికి దిగలేదు. రోజుకి రెండుసార్లు కొత్త గ్రీజు తోస్తే పాతది బయటికొచ్చి, మురికిని తనతోపాటే తోసుకొచ్చింది. మిలెంకో చొక్కా చేతులు మడిచి కిరసనాయిలు గుడ్డ అడిగాడు. తనే తుడిచాడు. ఇంత పెద్దదాంట్లో గుండ్ల బదులు చిన్న చిన్న ఉక్కుపీపాలు, రెండు వరసలు, నూనె రాసిన గోధుమగింజల్లా మెరుస్తున్నాయి. మొహం కనపడుతుంది వాటిల్లో.

కడియం అంచు తుడిచాడు. నంబరు కనపడింది. వంగి కళ్ళజోడు పైకి తోసి చూశాడు. నంబరు కింద ఇంకో నంబరు. సన్నగా, సానపట్టినా పూర్తిగా పోని పాత నంబరు. గోరు పెట్టి గీకాడు. సానరాయి గీతలు గోటికి తగిలాయి.

ఇంకోసారి గీకి చూశాడు.

"ఏంటి బాబాయ్?"

"ఇది పాతది."

"ఇరవై ఆరేళ్ళు తిరిగాక పాతది కాక కొత్తదవుద్దా?"

"కాదమ్మా. నేను తెచ్చిన రోజే పాతది."

రూజాకి ఏం అర్థమైందో ఏం కాలేదో. ఆమె వేరే పనిలో పడింది. ఆ వారంలోనే తుక్కు లారీ వచ్చి బేరింగుని ఎత్తుకుపోయింది. ఇంక ఆ రెండో నంబరు చూసినవాడు లోకం మొత్తంలో తనొక్కడే అనుకున్నాడు మిలెంకో.

ఇంటికొచ్చి పెర్సిదాకి చెప్పాడు. ఆమె మొదట ఊరుకోబెట్టింది. "నిన్ను మోసం చేసింది ఆ హంగరీవాడు. నువ్వు ప్రాణానికి తెగించి తెచ్చావు. లారీ ఎత్తుకుపోయింది. ఇంక దాని ఊసెందుకు?"

"నేను ఒట్టేశాను పెర్సిదా. కొవ్వొత్తి మీద."

"తెలిసి వేశావా?"

"తెలుసుకోకుండా వేశాను. వాడు వింటే తెలుస్తుందన్నాడు. నేను వినలేదు. లోపలికే పోలేదు. ఎట్లా వేశాను ఒట్టు?"

ఎండాకాలం పోయింది, ఆకురాలు కాలం పోయింది. ఆయన సరిగ్గా తినలేదు, టమాటాతోట సరిగ్గా చూళ్ళేదు. రిటైరుమెంటు భోజనంలో అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా చెవులు ఎర్రబడేవి. ఒకరోజు చప్పున అన్నాడు, "వాడు బతికే ఉన్నాడా?" గావ్రాకి డెబ్బై రెండు, కాళ్ళు వాచి కుర్చీకి అతుక్కుపోయాడని పెర్సిదా కనుక్కుని చెప్పింది. ఆమె ఇంతకుముందే కనుక్కుని ఉంచింది, అడిగేదాకా చెప్పలేదు. అట్లాంటిది ఆమె.

డిసెంబరు పంతొమ్మిది. సెయింట్ నికోలా. పెర్సిదా పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

"నేనింక సేల్సోణ్ణి కాదు కదా. పదకొండు ఇళ్ళు ఎందుకు?"

"పదకొండు ఎవడు వెళ్ళమన్నాడు? ఒక్కింటికి పో. ఆకలితో పో."

లిపోవాట్స్‌లో ఆ గుమ్మం తెరిచే ఉంది. పొయ్యిమీద పులుసు వాసన వీధిలోకి వస్తుంది. మిలెంకో గడప ముందు నిలబడి బూట్లకంటిన మంచు దులుపుకున్నాడు. దులిపిందే దులిపాడు. దరింకా బయటికొచ్చింది. ముసలిదైపోయింది. ఆయన్ని చూసింది. లోపలికెళ్ళి ఉడకబెట్టిన గోధుమల గిన్నె, చెంచా తెచ్చి ముందు పెట్టింది. వచ్చినవాడికి ముందు అదే పెడతారు.

"తీసుకో అన్నయ్యా. అక్రోట్లు ఎక్కువేశాను, ఏమనుకోకు," అంది, నిన్న మొన్న చూసినట్టు.

ఆయన శిలువ గుర్తేసుకుని ఒక చెంచా తిన్నాడు. చెంచా గిన్నెలో పెట్టి లోపలికి నడిచాడు.

లోపల పదిహేనుమంది దాకా ఉన్నారు. గావ్రా బల్ల చివర కుర్చీలో, కాళ్ళు ముక్కాలిపీట మీద పెట్టుకుని కూర్చున్నాడు. చూశాడు. కనుబొమ్మ కూడా కదల్లేదు.

"స్లావా చల్లగా జరగాలి ఇంటాయనా," అన్నాడు మిలెంకో.

"జరుగుతుంది. కూర్చో."

"ముందు ఒక మాట చెప్పి కూర్చుంటా. ఇక్కడే అన్నాను, ఇక్కడే చెబుతా." బల్ల దగ్గరివాళ్ళు చెంచాలు దించారు. "జూలైలో దాన్ని తీశారు. నేను చూశాను. కింద పాత నంబరుంది. సానపట్టింది. నువ్వు చెప్పిందే నిజం గావ్రా. నీ కొవ్వొత్తి మీద నేను తప్పుడు ఒట్టు వేశాను."

గావ్రా రొట్టెముక్క తుంపి ఉప్పులో అద్దుకున్నాడు.

"తెలుసు."

"వింటే తెలుస్తుందన్నావు కదా, అదా?"

"విన్నది రెండునెలల తర్వాతి మాట. పెట్టిన రోజే, మూత బిగించకముందే గోరు పెట్టి చూశాను."

"మరి తీసెయ్యలేదేం?"

"తీసి ఏం పెట్టను, మీ ఆవిడ తిరగలిరాయా? దేశం మొత్తంలో ఇంకోటి లేదు. ఆఫీసులో రాస్తే డ్రమ్ము ఆపుతారు, నిన్ను జైల్లో పెడతారు. దుంపంతా కుళ్ళిపోద్ది. అందుకని నోరు మూసుకుని గ్రీజు పెట్టాను. రోజుకి రెండుసార్లు. పెట్టినప్పుడల్లా నిన్ను తిట్టాను, పేరుతో సహా, నీ తాతల పేర్లతో సహా. పద్దెనిమిదేళ్ళు. ఆదివారం కూడా వదల్లేదు."

దరింకా పొయ్యి దగ్గర్నుంచి అంది, "ఆదివారం చర్చినుంచి సరాసరి అక్కడికే పోయేవాడు. దేవుడికి ఒక దణ్ణం, దానికి ఒక తిట్టు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మిలెంకో నవ్వలేదు. "నువ్వు తిట్టిందే బతికింది గావ్రా. మంచివనుకున్నవి పదిహేను పోయాయి. ఇది పోలేదు."

"పోలేదా?" గావ్రా చేతిలో రొట్టె ఆగిపోయింది. "నేను మానేశాక మార్చుంటార్లే అనుకున్నా."

"మార్చలేదు. మొన్న సీజను దాకా తిరిగింది. నీ ఎర్రరంగు ఏటా వేస్తున్నారు."

ముసలాయన వాచిన కాళ్ళు పీటమీద సర్దుకున్నాడు. తర్వాత బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, "ఆ రోజు నేను బల్ల దగ్గర అనకుండా ఉండాల్సింది," అన్నాడు. "చేప తినేవాణ్ణి తిననివ్వాల్సింది. దరింకా ఇరవై ఆరేళ్ళూ అదే దెప్పింది."

"సర్లే."

"సర్లే కాదు. కూర్చో."

మిలెంకో కూర్చున్నాడు. దరింకా పులుసు పోసింది. ఆయన చెంచా తీశాడో లేదో గావ్రా మళ్ళీ చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు. లోపల ఎలా ఉంది?"

"ఏది?"

"అదేరా. మూత తీస్తే లోపల ఎలా ఉంది? నేను దాన్ని ఎప్పుడూ విప్పలేదు. విప్పితే మళ్ళీ తిరగదేమోనని భయం. పద్దెనిమిదేళ్ళు బయటినుంచి గ్రీజు తోశాను, లోపలేం జరుగుతుందో తెలీకుండా."

మిలెంకో చెంచా పక్కన పెట్టాడు. రెండు చేతులూ ఎత్తి, కడియం ఎంతుందో గాల్లో చూపించాడు. గ్రీజు రంగు చెప్పాడు. ఒక్క చుక్క నీరు దిగలేదని చెప్పాడు. పీపాలు రెండు వరసలు ఎలా మెరిశాయో, వంగి చూస్తే ఒక్కోదాంట్లో తన మొహం చిన్నది చిన్నదిగా ఎన్నిసార్లు కనపడిందో చెప్పాడు. గావ్రా నోరు కొద్దిగా తెరుచుకుని వింటున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తినడం ఆపి వింటున్నారు, రైతులు, రైల్వేవాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, బేరింగంటే ఏంటో సగం మందికి తెలీనివాళ్ళు.

"గీతలేం లేవా? గుంటలు?"

"ఒక్కటి లేదు. గోరు జారిపోయింది."

"జారిపోయిందా," అన్నాడు గావ్రా. చాటంత చేతిని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దరింకా వచ్చి చల్లారిన పులుసు తీసి మళ్ళీ వేడిది పోసింది. ఇద్దరిలో ఒక్కడూ చూసుకోలేదు.

"ఆ పీపాల సంగతి ఇంకోసారి చెప్పు," అన్నాడు గావ్రా.